ఓడోమీటరు

ఎల్వియో క్రెపాల్ది గురించి చెప్పమంటే
ముందు పాటలు గుర్తురావు నాకు,
కాలిన క్లచ్ వాసన గుర్తొస్తుంది.
ముప్ఫై ఒక్క ఏళ్లు అతని వ్యాను తోలాను.
అతను వెనక సీట్లో కాళ్లు ముడుచుకుని,
గిటారేమో ముందు సీట్లో
బెల్టు పెట్టుకుని, కొత్త పెళ్లికూతురిలా.

వాళ్ల నాన్న చక్కెర ఫ్యాక్టరీలో బీట్ దుంపలు కడిగేవాడు.
ఆ నీళ్ల చప్పుడే తన మొదటి తాళమని
పత్రికల వాళ్లకు చెప్పేవాడు ఎల్వియో.
అబద్ధం.
చర్చి గోడకేసి మెలానియా బంతి కొట్టిన చప్పుడది.
నేనూ అక్కడే ఉన్నాను, నేనూ అదే వింటున్నాను.

ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు.
ఓడరేవు నుంచి వచ్చిన గీతల రికార్డుల్లో
ఎవరో ఏదో పోగొట్టుకుని పాడుతుంటే
మాటల్ని వదిలేసి
ఆ పోగొట్టుకోవడాన్ని నోటికి పట్టాడు.

మొదటి ఆల్బం 'నెబ్బియా', అంటే పొగమంచు.
అచ్చేసినవి మూడు వందలు.
నూట తొంభై మా వ్యాన్లోనే మూడు చలికాలాలు తిరిగాయి.
తడికి అట్టలు ఉబ్బి రొట్టెల్లా అయ్యాయి.
సంతలో ఈల్ చేపలమ్మే ఆవిడ ఒకటి బేరమాడి కొంది,
డబ్బులు చాలక చేప ఇచ్చింది.
ఆ రాత్రి ముగ్గురం తిన్నాం.

రెండోది మిలాన్‌లో.
మెడలో పసుపు రుమాలు కట్టిన కంపెనీ మనిషి
"బాధ బాగుంది, కాస్త తగ్గించండి" అన్నాడు
కూరలో ఉప్పు చూసినట్టు.
వయొలిన్లు కలిపారు.
'దోల్చే' అని పేరు పెట్టారు. తీపి.
దుంపలు కడిగినవాడి కొడుక్కి!
ఎనభై వేలు పోయింది.
రేడియోలో వస్తే కట్టెయ్యమనేవాడు.
నేను కట్టేవాణ్ణి కాదు. నాకు నచ్చేది.
ఇప్పుడు చెబితే నష్టమేముంది.

టీవీ అమ్మాయి అడిగింది,
మీ పో నది మీకు మిసిసిపీ లాంటిదా అని.
"మిసిసిపీని నేను చూడలేదమ్మా.
పో మాత్రం, యాభై ఒకటి వరదలో
మా ఆవుని తీసుకుపోయింది. పేరు బియోండా.
అక్కడి నది ఎవరి ఆవుని తీసుకుపోయిందో
వాళ్లే పాడాలి."
ఆ ముక్క కత్తిరించి ప్రసారం చేశారు.

మూడోది ఒప్పందం కోసం చేశాడు. దాని పేరు నేను పలకను.
ఆ ఏడే గొంతులో గడ్డ కోశారు.
బొలోన్యా ఆసుపత్రి గేటు ముందు
పదకొండు రాత్రులు వ్యాన్లో పడుకున్నాను,
మీటరు ఒక్క అంకె కదలకుండా.

తిరిగొచ్చిన గొంతు వేరే మనిషిది.
పై స్వరాలు లేవు.
వరద తీశాక ఇంట్లో మిగిలే బురదలా
అడుగువి మిగిలాయి.
ఎవరిదో చొక్కా తొడిగి చూసుకున్నట్టు
నాలుగు రోజులు గొణిగాడు.
అయిదో రోజు "సరిపోయింది" అన్నాడు.

'ఫాంగో' అందుకే బురద.
కొమాక్కియోలో మూతబడ్డ చేపల ఫ్యాక్టరీ,
చల్లారిన పొయ్యిలు, రెండు మైకులు,
డ్రమ్ముల దగ్గర మఫ్లరు తీయని తార్చిజియో.
బయట కప్పలు. తరిమాం. పోలేదు. ఉంచేశాం.
నాలుగో పాట రెండో చరణం వెనక
గురగురమనే ఇంజను నాది.
ఆపడం మరిచిపోయాను.
మళ్లీ పాడదామంటే ఎల్వియో ఒప్పుకోలేదు.
అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడండి:
ఇంజను, ఫెర్రుచ్చో మంతోవన్.
పోయింది రెండు వేలు.

మా మీటరుకి అయిదే అంకెలు.
లక్ష దాటితే సున్నాకి తిరిగేది.
నాలుగోసారి తిరిగినప్పుడు వెనక నుంచి వంగి చూసి
"మనం ఇంకా బయల్దేరనే లేదురా" అన్నాడు.
అప్పటికే దగ్గు మొదలైంది.

వ్యానుని ఉల్లిపాయల రైతు కొన్నాడు.
మొన్న ఎదురుపడి అడిగాడు,
ముందు సీటు బెల్టు అంతలా అరిగిందేమని,
ఎవరు కూర్చునేవారని.
గిటారన్నాను.
నమ్మలేదు.